పిల్లికి పోసిన పాలు

చిన్నకోడలు కామాక్షికి ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క పిల్లే. అందుకని అది వాంతి చేసుకుంటే ఎత్తిపొయ్యడం కూడా ఆమె పనే అయింది. అత్తగారు సూరాయమ్మ ఆ తీర్పు ఏనాడో చెప్పేసింది. తెల్లవారి వాకిట్లో కళ్లాపి జల్లుతూండగానే లోపల పిల్లి గొంతులో గుటకలు పడుతున్న చప్పుడు వినబడేది. కామాక్షి పేడతట్ట అక్కడే దించి, పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసుకుని పరిగెత్తేది. ఒకనాడు మండువా గచ్చు మీద, ఒకనాడు గాదె కింద, ఇంకొకనాడు ఉతికి మడిచిన అత్తగారి చీర మీద. చీర మీద పడిన రోజున సూరాయమ్మ భోజనాల వేళ దాకా నోరు మూయలేదు.

చిత్రమేమిటంటే ఆ పిల్లికి మరే జబ్బూ లేదు. బూడిదా తెలుపూ కలిసిన ఒళ్లు, నిగనిగలాడే బొచ్చు, నిండుగా ఉండే మొహం. వాంతి చేసుకుని మూతి తుడుచుకున్న కాసేపటికే అటకెక్కి, కురిడీ కోసం ఆరేసిన కొబ్బరికాయల గుట్టల మధ్య ఎలకల్ని తరిమేది. దాన్ని కామాక్షి బుల్లోడా అని పిలిచేది. కాపరానికొచ్చి ఏళ్లు గడిచినా ఆమె కడుపు పండలేదు. పిల్లికి అలాంటి ముద్దుపేరు పెట్టిందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవారు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. ఐనవిల్లికి దగ్గర్లోనే ఆ ఊరు. సూరాయమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కొండయ్య వరి చేలు చూసుకునేవాడు. చిన్నవాడు అబ్బులు, కామాక్షి మొగుడు, కొబ్బరితోట చూసుకునేవాడు. కొండయ్య భార్య సత్యవేణికి మొదట ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల నడక నేర్చిన కొత్తలో పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి, చూస్తూండగానే కరిగిపోయింది. తరవాత మొగపిల్లాడు పుట్టాడు. ముందు బిడ్డ పోయిన ఇళ్లలో చేసినట్టే వాణ్ణి ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి తీసుకున్నారు. పెంటయ్య అని పేరు పెట్టారు. చావుకి కూడా అక్కర్లేని పేరు పెడితే వదిలేస్తుందని ఆశ. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి వాడు పెరగడం కోసం చూస్తున్నారు. వాడికి తుమ్మొచ్చినా సూరాయమ్మ ఐనవిల్లి గుడి వేపు తిరిగి దండం పెట్టేది.

తల్లికి పాలు చాలక పెంటయ్యకి ఆవుపాలు పట్టేవారు. ఇంట్లో వాడకానికి పాలన్నీ మట్టి దాకలో పోసి, పెరట్లో దాలి గుంట మీద పిడకల సెగకి పొద్దల్లా కాచేవారు. పిల్లాడి పాలు మాత్రం వేరు. పదిమంది కళ్లూ పడే దాలి మీద పెట్టకూడదని, సత్యవేణి వాటిని తన గదిలోనే కుంపటి మీద, మూతున్న చిన్న ఇత్తడి గిన్నెలో కాచేది. మొదటి పురుటికి ఆమె తల్లి పుట్టింటి నుంచి పంపిన గిన్నె అది. కాచిన పాలు అందులోనే ఉంచి, పగలూ రాత్రీ వాడు ఏడ్చినప్పుడల్లా గోరువెచ్చన చేసి ఉగ్గుగిన్నెతో పట్టేది. తెల్లారేసరికి అడుగున మిగిలినవి పారబొయ్యకూడదు, మనుషులు తాగకూడదు. పారబోస్తే బిడ్డకి పాలు ఒంటబట్టవని, ఎవరైనా తాగితే బిడ్డ పాలు వాళ్లు లాక్కున్నట్టని సూరాయమ్మ నమ్మకం. అందుకని అవి పిల్లికి పోసేవారు.

గిన్నె కొన్నప్పుడు లోపల తెల్లటి తగరపు కళాయి ఉండేది. పోయిన ఆడపిల్ల పాలు తాగే రోజుల్లోనే అది అరిగితే, మళ్లీ వేయించుదామని చూస్తే కళాయి సాయిబు రావడం మానేశాడు. ఆఖరుసారి వచ్చినప్పుడు, తగరం దొరికే దేశాలన్నీ జపానువాళ్ల చేతికి పోయాయని, అది మళ్లీ కంటపడేదాకా కొలిమి ఊదేది లేదని చెప్పి వెళ్లాడు. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే కిలం పుడుతుందని, ఆ పచ్చటి చిలుం విషమని ఆ ఇంట్లో తెలియనివాళ్లు లేరు. సూరాయమ్మ ఆ రోజే పులుసుని రాతిచిప్పలోకి, మజ్జిగని మట్టికుండలోకి మార్చేసింది. పాల సంగతి ఎవరికీ తోచలేదు. పాలు పులుపు కాదు గదా. సత్యవేణికి గిన్నె అంటే ప్రాణం. రోజూ చింతపండు వేసి, కొబ్బరిపీచుతో వెలుపలా లోపలా తోమేది. అక్కడక్కడా అంటుకుని ఉన్న కళాయి మచ్చలు కూడా పోయి, లోపల బంగారంలా మెరిసేది. పిల్లాడి గిన్నెలో మరక ఉండడం ఆమెకి ఇష్టం లేదు.

పిల్లి వాంతులకి ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. బల్లిని తింటోందని సూరాయమ్మ అంది. చేపల బుట్టలో తల దూర్చి అంతేసి మింగితే అరుగుతుందా అన్నాడు అబ్బులు. దంపుడికి వచ్చే ముత్యాలు ఒకరోజు రోకలి ఆపి ఆలోచించింది.

"పొద్దున్నే వాంతులంటే వేవిళ్లేమోనండి" అంది.

సూరాయమ్మ చాటలో నూకలు చెరుగుతూ, కోడలి వేపు చూడకుండానే, "బాగుందే. ఈ ఇంట్లో రావాల్సినవాళ్లకి రాలేదు గానీ పిల్లికొచ్చేయి వేవిళ్లు" అంది.

ముత్యాలు నాలిక కరుచుకుంది. మాట మారుద్దామని పిల్లిని మెడ పట్టి ఎత్తి, తోక కింద చూసి, "ఇది మొగదండి, సూరాయమ్మగారూ" అంది. సూరాయమ్మకి కూడా నవ్వొచ్చింది. కామాక్షి పిల్లిని అందుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఊరి బళ్లో అయిదో తరగతి దాకా చదివింది. చదువుకన్నా చూడ్డం బాగా వచ్చు. పాదు ఎందుకు వడలిందో, కోడి ఎందుకు పొదగలేదో పక్కన కూచుని నాలుగు పూటలు చూసేది. పిల్లినీ అలాగే చూసింది. చేప తలకాయలు మానిపించింది. వాంతులు ఆగలేదు. అన్నం ఒక్కసారి పెట్టకుండా కొంచెం కొంచెం పెట్టింది. ఆగలేదు. నాక్కున్న బొచ్చు కడుపులో చేరుతోందేమోనని ఎండు కొబ్బరిపీచుతో రోజూ దువ్వింది. ఆగలేదు గానీ ఒక సంగతి తెలిసింది. పిల్లి వాంతులు రెండు రకాలు. ఎప్పుడో ఒకసారి గట్టు మీద గరిక కొరికి, ఆ గరికా బొచ్చూ కలిపి కక్కేది. అది అన్ని పిల్లులూ చేసేదే. రెండోది అలా కాదు. పొద్దున్నే వచ్చేది. ముందు విరిగిన పాలు, తరవాత పసుపు నీళ్లు, తరవాత ఏమీ రాకపోయినా డొక్కలు ఎగరేస్తూ ఓకరింపులు.

ఆ మధ్య సత్యవేణి చెల్లెలి పెళ్లికని ఉప్పలగుప్తం వెళ్లింది. పిల్లాడి గిన్నె కూడా పట్టుకెళ్లింది. ఆమె ఊళ్లో లేనన్నాళ్లూ పిల్లి ఒక్కసారీ కక్కలేదు. మజ్జిగన్నం తింది, దాలి మీది పాలు తాగింది, ఎలకల్ని తింది, అన్నీ అరిగించుకుంది. సత్యవేణి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున గాదె కింద పాల వాంతి.

కామాక్షి బూడిద జల్లి అక్కడే కూచుండిపోయింది. తరవాత కొన్నాళ్లు ఎవరికీ తెలియకుండా చూసింది. అదే ఆవు పాలు మట్టిమూకుడులో రాత్రంతా ఉంచి పొద్దున్నే పోస్తే పిల్లికి ఏమీ కాలేదు. ఇత్తడి గిన్నె అడుగువి పోస్తే కక్కింది. ఒకరోజు ఆ అడుగు పాలలో వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. అచ్చంగా కళాయి లేని చెంబులో చారు పోసినప్పటి రుచి, పలచగా. పిల్లి తాగేది అడుగున మిగిలిన గుక్కెడు. మిగతావన్నీ తాగేది పెంటయ్య.

అప్పటికే వాడికి చిరాకు పట్టుకుంది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. పొట్ట కొంచెం ముందుకొచ్చింది. పళ్లొస్తున్నాయని అందరూ సరిపెట్టుకున్నారు. కామాక్షి మాత్రం చచ్చిపోయిన ఆడపిల్ల మొదట్లో ఇలాగే ఉండేదని మరిచిపోలేదు.

చెప్పడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. పిల్లల్లేని ఆడది పిల్లాడి తిండి గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. చివరికి ఒక సాయంత్రం దాలి దగ్గర పిడకలు సర్దుతూ, సత్యవేణి పక్కనే ఉండగా, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"అక్కయ్యా, బాబు పాలు ఆ గిన్నెలో వద్దేమోనండి. అందులోవి తాగినప్పుడే పిల్లి కక్కుతోంది. కళాయి పోయింది గదండి, కిలం దిగుతోందేమోనని."

సత్యవేణి జవాబు చెప్పకముందే వసారాలోంచి సూరాయమ్మ వచ్చింది.

"పులుసా అది, చారా? పాలకి కిలమేవిటే? దాన్ని మొహం చూసుకునేలా తోముతోంది ఆ పిల్ల. ఎక్కడుందో చూపించు కిలం." ఆగి, గొంతు దించి, అసలు మాట అంది. "కడుపు పండని నోటితో పిల్లాడి పాల మాట ఎత్తకు. పిల్లి కక్కితే పిల్లిని చూసుకో."

సత్యవేణి చంకలో ఉన్న పెంటయ్య మొహం మీదికి కొంగు లాగి, లోపలికి వెళ్లిపోయింది. ఆ కొంగు లాగడం కామాక్షికి అత్తగారి మాటకన్నా ఎక్కువ తగిలింది. ఆ తరవాత ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తలేదు గానీ, పిల్లికి ఆ పాలు పొయ్యడం మానేసింది. తెల్లారి సత్యవేణి గిన్నె ఇస్తే పెరట్లోకి పట్టుకెళ్లి, ఎవరూ చూడకుండా కొబ్బరిచెట్టు మొదట్లో వొంపి, కడిగి తెచ్చేది. పిల్లికి మట్టిమూకుడే. దాంతో వాంతులు చేత్తో తీసేసినట్టు పోయాయి. బుల్లోడు ఇంకాస్త బలిశాడు. ఇంట్లో చీరలు శుభ్రంగా ఉన్నాయి. పిల్లికి నయమైందని అందరూ గమనించారు.

ఆ నెలల్లోనే పెంటయ్య పొట్ట బిగిసింది. అన్నప్రాశన అయ్యాక కూడా మెతుకు ముట్టేవాడు కాదు, పాలే. పాదాలకి నీరు పట్టింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. సూరాయమ్మ పసుపుకొమ్ము కాల్చి పొట్ట చుట్టూ చురకలు పెట్టించింది. వాడు ఏడ్చిన ఏడుపుకి అబ్బులు తోటలోకి పారిపోయాడు. కొండయ్య బండి కట్టి అమలాపురం తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూసి, కార్జం రాయిలా గట్టిపడిందని, ఇలాంటివి ఈ వేపు పిల్లల్లో చాలా చూస్తున్నానని, కారణం తనకీ తెలియదని చెప్పి, సీసాలో మందు ఇచ్చాడు. ఆ మందు పాలలో కలిపి పట్టమన్నాడు. సత్యవేణి పాలలోనే కలిపింది. ముత్యాలు తెచ్చిన నేలఉసిరి పసరు కూడా ఆ పాలలోనే. మందులన్నీ ఆ గిన్నెలోనే పడ్డాయి.

ఒక మధ్యాహ్నం సత్యవేణి కునుకు తీస్తూంటే కామాక్షి గదిలోకి వెళ్లింది. పాలు మట్టిమూకుడులోకి మార్చేసి, గిన్నెలో పైపైన కొంచెం ఉంచితే తెలియదనుకుంది. మూత తీసింది. మూత చప్పుడుకి సత్యవేణి కళ్లు తెరిచింది.

"దాన్ని ముట్టుకోకు" అంది సత్యవేణి. కోపంగా కాదు, భయంగా.

సాయంత్రానికి ఆ సంగతి సూరాయమ్మకి తెలిసింది. అప్పుడు ఆమె నోట వచ్చిన మాట ఇల్లంతా వింది. పిల్లికి నయమవడమూ, పిల్లాడికి ముదరడమూ ఒక్కసారే ఎందుకు జరిగాయో తనకి ఇప్పుడర్థమైందని అంది. పిల్లి రోగం పిల్లాడి మీదికి దించిందని అంది. అబ్బులు అమ్మా అని ఒకసారి అని ఊరుకున్నాడు. కామాక్షి మండువా స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ లెక్కలో తప్పు లేదు. పిల్లికి నయమైంది, పిల్లాడికి ముదిరింది, రెండింటికీ మధ్య ఉన్నది తనే. గిన్నె సంగతి ఇప్పుడు చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టు ఉంటుంది. ఆ రోజు నుంచి కామాక్షి సత్యవేణి గది గడప దాటలేదు.

పెంటయ్య కళ్లు ముందు పసుపుగా, తరవాత కుంకుడు నురగ పాతబడిన రంగులోకి తిరిగాయి. చివరి రోజుల్లో ఏడుపు మానేశాడు. దాన్ని చూసి సూరాయమ్మ గుణం కనిపిస్తోందంది. మర్నాడు పొద్దున తల్లి ఒళ్లోనే పోయాడు. తోట చివర, కాలవ గట్టు వార, అక్క పక్కనే పెట్టారు. కొండయ్య తిరిగొచ్చి కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డాడు. సత్యవేణి ఏడవలేదు. గిన్నె కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించింది.

పిల్లిని గోనెసంచిలో వేసి గోదావరి దాటించమని సూరాయమ్మ అబ్బులుతో అంది. అతను సరేనన్నాడు గానీ చెయ్యలేదు. భార్యకి అతను చేసిన మేలు అదొక్కటే.

యుద్ధం ఆగింది. తగరం మాత్రం రాలేదు, సాయిబూ రాలేదు. మరుసటి వరి కోతల నాటికి సత్యవేణి మళ్లీ నీళ్లోసుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనుకోలేదు. ముత్యాలు కూడా వేవిళ్ల జోకులు వెయ్యలేదు. కడుపు బాగా తెలిసే నెలల్లో ఒకరోజు కామాక్షి రేవు నుంచి నీళ్లబిందె ఎత్తుకొస్తూ చూసింది. సత్యవేణి పెరటి బండ మీద కూచుని ఇత్తడి గిన్నె తోముతోంది. చింతపండు పిసికి, పీచుతో, లోపల, అంచు దగ్గర, అడుగున, మెల్లగా, కళ్లు దించుకుని. ఏడాది పైన అటక మీద నల్లబడిన గిన్నె మళ్లీ బంగారమవుతోంది.

ఆ రోజంతా కామాక్షి ఆలోచిస్తూనే ఉంది. గిన్నె ఎత్తుకుపోయి కాలవలో పడేస్తే? ఇంకో గిన్నె వస్తుంది. పుట్టింటివాళ్లు ఇంకోటి పంపుతారు, ఇంట్లోనూ ఇత్తడికి కరువు లేదు. చెబితే? ఒకసారి చెప్పింది. తన నోటి మాటకి ఆ ఇంట్లో ఉన్న విలువ ఏమిటో చూసింది. మాట కాకుండా కంటికి కనబడేది కావాలి. అది ఆమె దగ్గర ఉంది. కానీ దాన్ని చూపిస్తే సత్యవేణికి తెలిసేది రాబోయే బిడ్డ సంగతి ఒక్కటే కాదు. పోయిన ఆ ఇద్దరికీ ఏం పట్టిందో కూడా తెలుస్తుంది. ఎవరి చేత్తో పట్టిందో కూడా. తెలియకుండా ఉంటే సత్యవేణి దేవుణ్ణి తిట్టుకుంటూ, తోడికోడల్ని అనుమానిస్తూ, ఎలాగోలా బతుకుతుంది. తెలిస్తే ఎలా బతుకుతుందో కామాక్షికి ఊహ అందలేదు.

మొక్కు తీర్చడానికి సూరాయమ్మ పెద్దకొడుకుని తీసుకుని ఐనవిల్లి వెళ్లి, ఆ పూట అక్కడే చుట్టాలింట ఉండిపోయింది. సాయంత్రం కామాక్షి వంటింటి గూట్లో బోర్లించిన గిన్నె తీసి, కాచిన ఆవుపాలు అందులో పోసి మూత పెట్టింది. పిల్లిని కట్టెల గదిలో ఉంచి గడియ వేసింది. పొద్దున్నే అబ్బులు తోటకి వెళ్లాక పిల్లినీ గిన్నెనీ పెరటి వసారాలోకి తెచ్చి, సత్యవేణిని పిలిచింది.

"ఈ గిన్నెలో పాలెవరు పోసేరు?" అంది సత్యవేణి గడపలోనే ఆగి.

"నేనేనండి, అక్కయ్యా. నిన్న సాయంత్రం."

"ఎవరికి?"

కామాక్షి పిల్లి వేపు చూసింది. సత్యవేణి గడప దాటి వచ్చింది. "నా పిల్లల గిన్నె అది" అంటూ చెయ్యెత్తింది గానీ, కొట్టలేదు.

"ఒక్కసారి కూచోండి. చూసేక కొట్టండి, పడతాను."

ఎందుకు కూచుందో సత్యవేణికే తెలియదు. కడుపు బరువుకి స్తంభం పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. కామాక్షి పాలు మూకుట్లోకి కాకుండా, గిన్నెనే పిల్లి ముందు పెట్టింది. రాత్రంతా ఏమీ తినని పిల్లి చప్పుడు చేస్తూ తాగింది. అడుగు దాకా నాకి, మూతి తుడుచుకుని, ఎండ పడుతున్న చోట చూసుకుని పడుకుంది. కాళ్లు చాపి డొక్క నాక్కోవడం మొదలుపెట్టింది.

ఇద్దరూ చూస్తూ కూచున్నారు. తోటలో ఎవరో కాయలు దింపుతున్నారు, ధనధనమని నేల మీద పడుతున్నాయి. పిల్లి కళ్లు మూసుకుంది. కామాక్షికి అప్పుడు ఒక ఆశ పుట్టింది. కక్కకపోతే బాగుండును. తను ఇన్నాళ్లూ అనుకున్నదంతా భ్రమ అయిపోతే బాగుండును. సత్యవేణి లేచి తన చెంప పగలగొట్టి లోపలికి వెళ్లిపోతే బాగుండును. సత్యవేణి లేవబోతోంది కూడా.

పిల్లి కళ్లు తెరిచింది. లేచి వెనక్కి వెనక్కి నాలుగడుగులు నడిచింది. వీపు వంచి మెడ ముందుకు చాపింది. డొక్కలు లోపలికి పీక్కుపోయాయి. గొంతులో గుటకలు పడ్డాయి. గచ్చు మీద విరిగిన పాలు పడ్డాయి, తరవాత పసుపు నీళ్లు. ఇంకా ఓకరిస్తూనే ఉంది, రావడానికి ఏమీ లేకపోయినా.

"ఏదో తినుంటుంది" అంది సత్యవేణి.

"గదిలో పెట్టేనండి. ఇంకేమీ తినలేదు. మూకుట్లో పోసినవి తాగితే ఏమీ అవదండి. రేపు మీరే పోసి చూడండి."

సత్యవేణి గిన్నె చేతిలోకి తీసుకుంది. లోపల చూసింది. తడిగా ఉన్న అడుగు మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుంది. ఆమె మొహంలో ఒక్కొక్క సంగతీ ఒక్కొక్కటిగా వచ్చి చేరడం కామాక్షికి కనబడుతోంది. చూడకుండా ఉందామనుకుంది గానీ కళ్లు తిప్పుకోలేకపోయింది.

"పాపకీ ఇందులోనే పోసేను" అంది సత్యవేణి. తరవాత, తనలో తను చెప్పుకుంటున్నట్టు, "రోజూ తోమేదాన్ని. లోపల కూడా" అంది. అప్పుడు తలెత్తింది.

"బాబు ఉన్నప్పుడే తెలుసు నీకు."

"ఆయ్. చెప్పేనండి, అక్కయ్యా. దాలి దగ్గర."

"చెప్పేవు" అంది సత్యవేణి. "ఒక్కసారే చెప్పేవు."

రెండోసారి ఎందుకు చెప్పలేదో చెప్పడానికి కామాక్షికి మాటలు చాలా ఉన్నాయి. కొంగు, గడప, అత్తగారి నోరు. ఆ పూట అవేవీ పైకి అనదగ్గ మాటలుగా తోచలేదు.

సత్యవేణి పక్క రోజు మళ్లీ పోసి చూడలేదు. ఆ గిన్నె ఏమైందో కామాక్షి అడగలేదు, మళ్లీ కంటపడనూ లేదు. పుట్టబోయే బిడ్డకి మట్టిలో కాచిన పాలే పట్టమని కలలో ఎవరో ముసలావిడ చెప్పిందని సత్యవేణి అత్తగారితో అంది. సూరాయమ్మ కలని నమ్మింది. కుమ్మరి చేత కొత్త దాకలు చేయించింది. ఆడపిల్ల పుట్టింది. కృష్ణవేణి అని మంచి పేరే పెట్టారు. ఆ పేరు సత్యవేణి పట్టుబట్టి పెట్టించింది. చావుకి భయపడి పెట్టుకునే పేరు ఇంక అక్కర్లేదంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పిల్ల పాకింది, అడుగులేసింది. పళ్లొచ్చినప్పుడు ఏడ్చి, మళ్లీ నవ్వింది. అక్కా తమ్ముడూ దాటలేని వయసు దాటింది. కామాక్షి ఆ పిల్లని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఇవ్వమని ఆమె అడగలేదు, సత్యవేణి ఇవ్వలేదు. గొడ్రాలి దిష్టికి భయపడుతోందని సూరాయమ్మ అనుకుని, లోలోపల మెచ్చుకుంది. కామాక్షి దాన్ని దిద్దలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, మండువా అవతల ఆడుకుంటున్న పిల్ల కళ్ల తెలుపు చూసేది. పొట్ట చూసేది. పాదాలు చూసేది. చూసి మళ్లీ పనిలోకి వెళ్లిపోయేది. రోజూ అంతే.

ఒకరోజు పొద్దుటిపూట కృష్ణవేణి మండువా గచ్చు మీద బుల్లోడి తోక పట్టుకుని నవ్వుతోంది. పిల్లి ముసలిదయింది, విదిలించుకోకుండా పడుకుంది. పిల్ల తలెత్తి, గుమ్మంలో ఉన్న కామాక్షిని చూసి, తోక వదిలి చేతులు చాపింది. ఎత్తుకోమని. రెండడుగులు ఆమె వేపు వేసింది కూడా.

సత్యవేణి గదిలోంచి వచ్చి పిల్లని నడుం పట్టి ఎత్తుకుంది. కామాక్షి మొహం వేపు చూడలేదు.

"నీ పిల్లిని అవతలికి తీసుకుపో, కామాక్షీ."

"ఆయ్, అక్కయ్యా" అంది కామాక్షి. వంగి పిల్లిని చంకన వేసుకుని పెరట్లోకి నడిచింది.